ఏటవాలు కోత

భర్త పోయాక తన చేతిలో మిగిలినదేమిటని ఆమె లెక్క వేసుకుంటే అంతా వేళ్ల మీదే తేలిపోయింది. ఒక పూలకొట్టు, నోరు మూతపడని అత్తగారు, నోరు తెరవని కూతురు! కొట్టుకైతే తాళం వేసుకోవచ్చు. అత్తగారి మాటలకు చెవులు మూసుకోవచ్చు. కానీ కూతురి మౌనం వినిపించకుండా ఏం మూసుకోవాలి?...

ఒకప్పుడు ఆ పిల్లను వీధంతా పిచ్చుక అని పిలిచేది. తెల్లారిన దగ్గర్నుంచి కిచకిచే! అలాంటిది తండ్రి పోయిన రోజు నుంచి ఒక్క పలుకు లేదు. ఆ రోజు గులాబీలు అయిపోయాయని, ఇంకోసారి మార్కెట్‌కు వెళ్లి రమ్మని తండ్రిని పంపింది పిచ్చుకే. సైకిల్ మీద వెళ్లిన మనిషిని వంతెన మీద లారీ గుద్దింది. శవం గుమ్మంలోకి వచ్చినప్పుడు తల్లి ఒళ్లు తెలియని దుఃఖంలో కూతురి భుజాలు పట్టి కుదిపేసింది. "నువ్వు పంపకపోతే మీ నాన్న బతికుండేవాడే!..." అమ్మిన సరుకునైనా వెనక్కి తీసుకోవచ్చు గానీ, అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? పిచ్చుక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తండ్రిని సాగనంపడానికి కూడా బయటికి రాలేదు.

అప్పటి నుంచి ఆ పిల్ల మాటలన్నీ పూలతోనే. కొట్టు గోడకు తండ్రి స్వయంగా రంగులతో రాసిన పలక వేలాడుతుంది. ఎర్ర గులాబి ప్రేమకు, పసుపు గులాబి స్నేహానికి, లిల్లీ ఓదార్పుకు, తెల్ల చామంతి కడసారి వీడ్కోలుకు. ఎవరికి ఏ పువ్వు ఇవ్వాలో తెలియనివాళ్లకు ఆ పలకే దిక్కు. పిచ్చుక రోజూ పొద్దున్నే గల్లాపెట్టె పక్కన గాజుగ్లాసులో ఒక పువ్వు పెట్టేది. పసుపు గులాబి పెడితే ఇవాళ ఫర్వాలేదని. లిల్లీ పెడితే కాసేపు నా పక్కన కూర్చోమని. ఆ గ్లాసు చూశాకే తల్లి ఊపిరి పీల్చుకునేది.

ఆ రోజు ఆమెకు మెలకువ వచ్చేసరికి గ్లాసు మంచం పక్కన స్టూలు మీద ఉంది. అందులో తెల్ల చామంతి!

కూతురి గదిలోకి పరుగెత్తింది. పక్క దులిపి మడతపెట్టి ఉంది. కొట్టులోకి పరుగెత్తింది. కాడలు కోసే కత్తెర లేదు! గోడకు ఆనించిన తండ్రి సైకిల్ కూడా లేదు!

"అత్తయ్యా!... పిచ్చుక వెళ్లిపోయింది అత్తయ్యా!..."

"ఏమిటమ్మాయ్ ఆ కేకలు? పాలవాడు జడుసుకుని వీధి మారిపోగలడు!" అంటూ వచ్చిన అత్తగారు గ్లాసు చూసి ఆగిపోయింది. అంతటి నోరూ మూతపడింది! తల్లికి ఇంకా భయం వేసింది.

ముసలామె పువ్వును నీళ్లలోంచి తీసి తలకిందులుగా పట్టుకుంది.

"రంగు చూసి బెదిరావు గానీ, కాడ చూశావా?"

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. చనిపోయినవాళ్ల మీద ఉంచే పూలకు కాడలు అడ్డంగా కోసేస్తారు. వాటికి ఇక నీళ్లతో పనేముంది? ఇంట్లో నిలవాల్సిన పూలకైతే ఏటవాలుగా కోస్తారు, నీళ్లు బాగా తాగుతాయని.

"పోదామనుకున్న పిల్ల అడ్డంగా ఒక్క కోత కోసి పోతుందే! ఇది చూడు, ఏటవాలుగా కోసింది. కింది ఆకులు దూసింది. ఈ పువ్వు బతకాలని చూసింది!"

"బతకాలనుకున్నది పువ్వు గురించి అత్తయ్యా... పిల్ల సంగతేమిటి?..."

ముసలామె కోడల్ని గుమ్మం వైపు నెట్టింది. "నిలబడి ఏడిస్తే పిల్ల వస్తుందా? వెళ్లు! వంతెన వైపు వెళ్లు!" అంది.

వంతెన! భర్త పోయాక ఆమె అటు అడుగు పెట్టలేదు. మార్కెట్ బండివాడు అందరికీ వేయగా మిగిలిన నలిగిన పూలు గుమ్మం ముందు పడేసి పోతుంటే వాటితోనే నెట్టుకొస్తోంది. ఇప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. దూరం నుంచే కనబడింది... వంతెన మధ్యలో గుంపు! అందరూ కమ్మీల మీద వాలి కింద నీళ్లలోకి చూస్తున్నారు!

"ఎవరు?... ఎవరండీ అది?..." అంటూ జనాన్ని తోసుకుంటూ వెళ్లింది.

"ఎవరూ లేరమ్మా. పడవ ఇసుకలో ఇరుక్కుంది."

తనూ కమ్మీ మీంచి వంగి చూసింది. పడవే! కానీ సైకిలేదీ? పిల్లేదీ? కళ్లు తుడుచుకుంటూ వంతెన దాటింది. అవతల మార్కెట్ గోడకు ఆ సైకిల్ ఆనించి ఉంది! లోపలి నుంచి ఎవరిదో గొంతు... బొంగురుపోయి, తుప్పు పట్టిన తాళం తిరుగుతున్నట్టు...

"పైన మొగ్గలు పేర్చి కింద వాడినవి దోపితే తెలియదనుకున్నావా బాబాయ్? మా నాన్న దగ్గర పని నేర్చినదాన్ని! విప్పు కట్ట!"

"ఓరి నాయనో!" అన్నాడు పూల వ్యాపారి. "ఇందాకటి దాకా మూగపిల్లవనుకున్నానే!"

"అనుకున్నావు గనకే వాడినవి కట్టావు!"

తల్లి లోపలికి పరుగెత్తింది. అది పిచ్చుక గొంతు! పిచ్చుకదే!... ఒక్క ఉదుటున వెళ్లి కూతుర్ని వాటేసుకుంది. మధ్యలో గులాబీల కట్ట నలిగిపోయింది.

"చామంతి పెట్టి నా ప్రాణం తీశావే తల్లీ!..."

"నీకు కాదమ్మా... నాన్నకి!" పిచ్చుక ఏడుస్తోంది. "స్టూలుకి పైన గోడ మీద నాన్న ఫొటో ఉందిగా! ఆ రోజు నేను బయటికి రాలేదు... నాన్నకి వీడ్కోలు చెప్పలేదు... ఇవాళ చెప్పి వంతెన దాటాలనుకున్నా. నాన్న కొట్టుకి నలిగిన పూలు వస్తుంటే చూడలేకపోయానమ్మా. కాడలు కోసి చూసుకోవడానికి కత్తెర తెచ్చుకుని, ఇక్కడ సైగలతో బేరం చేద్దామనుకున్నా. ఈ బాబాయ్ మోసం చేయబోతే కోపమొచ్చి... నోరు వచ్చేసింది!"

తల్లికి ఏడుపులోనే నవ్వు వచ్చింది. తర్వాత అడగలేక అడిగింది. "వీడ్కోలు పువ్వును ఏటవాలుగా కోశావేమే?"

"వీడ్కోలే గానీ... కొన్నాళ్లు ఉండాలిగా అమ్మా..."

తల్లి కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా. నీకు ఇవ్వకూడని మాట. ఇన్నాళ్లూ నువ్వే మోశావు... ఇక నాకిచ్చెయ్!"

పిచ్చుక తల్లి భుజంలో ముఖం దాచుకుని, చిన్నప్పటిలా తల ఊపింది.

సైకిల్ నడిపించుకుంటూ ఇద్దరూ వంతెన దాటి వచ్చేసరికి ముసలామె గుమ్మంలోనే ఉంది. "నాన్నమ్మా!" అన్న పిలుపు విని చెంగుతో కళ్లు ఒత్తుకుని, "ఆ గొంతేమిటే, కప్పను మింగావా?" అంది.

"నీ గొంతు కన్నా నయమే!"

ఆ రోజు లెక్క ఇలా తేలింది. పోయింది, కౌగిట్లో నలిగిన ఒక గులాబీల కట్ట. వచ్చింది, కాస్త బొంగురుగా ఉన్నా మొత్తంగా ఒక కూతురు. ఫొటో కింద చామంతికి ఆమె రోజూ నీళ్లు మార్చింది. అది అనుకున్నదానికంటే చాలాకాలం నిలిచింది. ఇంట్లో నోరు మూతపడనివాళ్లు ఇప్పుడు ఇద్దరు. చెవులు మూసుకోవాలని ఆమెకు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.