కామా కళ్ళల్లో నీళ్ళు

శవం తలుపు దగ్గర ఉంది.

మంగళవారం. మధ్యాహ్నం మూడూ నలభై.

అరవై ఒక్కేళ్ళ రిటైర్డ్ ప్రూఫ్‌రీడర్. బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి గడప మీద ఉంది. ఆస్తమా పంపు మాత్రం మంచం పక్కన బల్ల మీదే ఉంది.

"పంపు వదిలేసి తలుపు దగ్గరికెందుకొచ్చాడు సార్?" అడిగాడు కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన వంగి చూశాడు. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. శవాన్ని చూడగానే ఎన్ని కాగితాలు రాయాలో గుర్తొచ్చింది. తన మీద తనకే విసుగేసింది.

చిన్న గది. ఉన్న ఒక్క కిటికీ మూసి ఉంది. మంచం మీది నీలం దుప్పటి నేలదాకా వేలాడుతోంది. నేల తడిగా ఉంది.

"నీళ్ళ కూజా ఒలికింది. తుడిచాను," అంది చనిపోయినాయన అక్క. ఆమెకి అరవై ఆరేళ్ళు. వీధి చివర టైలరింగ్ షాపు ఆమెదే. మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చి తమ్ముణ్ణి చూసిందీ ఆమే.

"ఎప్పుడు తుడిచారు? చూడకముందా, చూశాకా?"

"చూశాకే. ఎవరైనా కాలు జారతారని."

బయట మెట్ల మీద బూడిద రంగు పిల్లి ఒకటి కూర్చుని ఉంది. రెండు కళ్ళనుంచీ నీళ్ళు కారుతున్నాయి.

"ఏడుస్తోంది సార్," అన్నాడు కానిస్టేబుల్.

"పిల్లులు ఏడవవు," అంది అక్క. "నెల నుంచీ దాని కళ్ళంతే. దాని పేరు కామా. తోక వంకర చూసి మా వాడే పెట్టాడు."

గురువారం పోస్ట్‌మార్టమ్ రిపోర్ట్ వచ్చింది. ఆస్తమా ఎటాక్. కానీ శ్వాసనాళాల లోపలి పొర ఎర్రగా వాచి ఉంది. ఏదో ఘాటు పీల్చాడు. అదీ కొన్ని రోజులుగా.

కానిస్టేబుల్ అనుమానం పై వాటాలో ఉండే పెయింటర్ మీద. బోర్డులు రాసేవాడు. రంగులో కలిపే ఘాటు థిన్నర్ డబ్బాలన్నీ మెట్ల కిందే పెడతాడు. పిల్లి విషయంలో గొడవ కూడా జరిగింది.

"తడి బోర్డు మీద నడిచింది సార్. స్కూల్ పేరు మధ్యలో నాలుగు పాదాలు," అన్నాడు పెయింటర్. "కోపమొచ్చింది. అరిచాను. ఆ పెద్దాయన నా పక్కన కూర్చుని అక్షరం అక్షరం దిద్దించాడు. తప్పుంటే చచ్చినా వదిలే మనిషి కాదు."

"ఈ నెల ఎక్కడున్నావు?"

"రెండో తారీఖు నుంచి పదకొండు దాకా ఊళ్ళో లేను. డబ్బాలన్నీ పనికి పట్టుకుపోయాను."

చనిపోయినాయన జేబులో పశువుల ఆసుపత్రి కార్డు దొరికింది. ఇన్‌స్పెక్టర్ అక్కడికి వెళ్ళాడు. డాక్టరమ్మ కార్డు తిప్పి చూసింది.

"పిల్లి కంట నీళ్ళకి సవాలక్ష కారణాలండీ. ఒక్క కన్నే కారితే నలుసు పడిందనో, గీరుకుపోయిందనో, కన్నీటి గొట్టం మూసుకుపోయిందనో అనుకుంటాం. తుమ్ములూ, పచ్చటి పుసీ ఉంటే జలుబు. దీనికి రెండు కళ్ళూ కారాయి. నీళ్ళు పల్చగా ఉన్నాయి. చుక్కలిచ్చాను."

"తగ్గిందా?"

"రెండుసార్లు ఇక్కడే ఉంచాను. రెండో రోజుకి కళ్ళు ఆరిపోయాయి. ఇంటికెళ్ళిన మర్నాడే మళ్ళీ మొదలు. ఇంట్లో చుక్కలు సరిగ్గా వెయ్యట్లేదనుకున్నాను."

"బాగా ఎక్కువైంది ఎప్పుడు?"

"ఆరో తారీఖు."

పెయింటర్ ఊళ్ళో లేని రోజు. ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆయనకి ఇంట్లో ఘాటు వాసనేదీ రాలేదా?"

"ఆయనకి వాసన తెలియదండీ. ఏదో జ్వరంలో పోయిందట. ఇక్కడ స్పిరిట్ సీసా పగిలినా కదల్లేదు."

శనివారం ఉదయం పదకొండు. అక్క, పెయింటర్, డాక్టరమ్మ అదే గదిలో కూర్చున్నారు. కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ నిలబడలేక మంచం మీద కూలబడ్డాడు.

"ఆసుపత్రిలో ఆరిన కళ్ళు ఇంట్లో కారాయి. అంటే జబ్బు పిల్లిది కాదు. ఈ ఇంటిది. పిల్లి ఎక్కడ పడుకునేది?"

"ఈ మంచం కిందే సార్," అన్నాడు పెయింటర్.

ఇన్‌స్పెక్టర్ నీలం దుప్పటి అంచు పైకెత్తాడు. నేలకి తగిలే చోట జానెడు మేర రంగు పోయి తెల్లబడింది.

"ఇది మేమందరం చూశాం. పాతదనుకున్నాం. కానీ పాతబడితే దుప్పటంతా వెలవాలి, ఒక్క మూల కాదు. థిన్నర్‌కి ఇలా తెల్లబడదు. బ్లీచింగ్ పౌడర్‌కి తెల్లబడుతుంది. మంచం కింద పళ్ళెంలో పోసి ఉంచారు. మంగళవారం కూజా ఒలికిందని తుడిచింది ఆ పౌడర్ మరకే. బాత్రూమ్‌లో సగం ప్యాకెట్ ఉంది. అవునామ్మా?"

అక్క చీర కొంగు చివర దారం లాగుతోంది.

"పిల్లి ఇల్లొదిలి పోతుందనుకున్నాను," అంది.

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు చూపించాడు.

"ఆయనకి ఊపిరాడలేదు. పక్కనే పిల్లి కూడా దగ్గుతోంది. తలుపు లోపలివైపు కింద దాని గోళ్ళ గీతలున్నాయి. ఆయన పంపు దగ్గరికి వెళ్ళలేదు. ముందు దానికి తలుపు తీశాడు."

డాక్టరమ్మ మొహం తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ ఆమెనీ, పెయింటర్‌నీ పంపేశాడు.

"అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు బాబూ," అంది అక్క. "అప్పట్నుంచీ అన్నీ నేనే. నాకు పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. ఆ పిల్లి వచ్చి రెండేళ్ళైంది. పొద్దున్నే దాన్ని పలకరించేవాడు. తిన్నావా అని దాన్ని అడిగేవాడు. నేను ఎదురుగానే కూర్చునేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ స్టేట్‌మెంట్ రాశాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చదివి వినిపించాడు.

"పిల్లిని వెళ్ళగొట్టే ఉద్దేశంతో, తమ్ముడికి హాని జరుగుతుందని తెలియక..."

"ఆగండి. తెలియక అని రాశారా?"

"అలా ఉంటే మీకే మంచిదమ్మా."

"గోడ అవతలే నా మంచం. నాలుగు రాత్రులు వాడి దగ్గు విన్నాను. ఆ పళ్ళెం వల్లేనని అర్థమైంది."

"మరి ఎందుకు తియ్యలేదు?"

"తియ్యాలనే లేచాను. ఇంకొక్క రోజు చూస్తే అది పోతుందేమో అనిపించింది. మళ్ళీ పడుకున్నాను."

కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆయన 'తెలియక' అన్న ఆ ఒక్క మాట మీద అడ్డంగా గీత గీశాడు.

"కొట్టేసిన చోట పక్కన సంతకం పెట్టాలమ్మా."

ఆమె కళ్ళజోడు సరిచేసుకుంది. కుట్టు వేసినంత జాగ్రత్తగా సంతకం పెట్టింది.