గేటు నోటి మాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. స్టేషన్లో కొత్తగా పెట్టిన వెడల్పాటి గేటుకి నోరైతే ఉంది. అది మంచిదో కాదో మొదటిరోజే తేలిపోయింది.

పొద్దున్న రద్దీలో ఒకమ్మాయి చక్రాల కుర్చీలో వచ్చి, తన స్మార్ట్ కార్డు గేటుకి ఆనించింది. ఆమె పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పచ్చలైటు వెలిగించాల్సిన గేటు, గొంతు సవరించుకున్నట్టు ఓ చిన్న గంట మోగించి, ప్లాట్‌ఫాం దాకా వినిపించేలా అడిగింది.

"మీకు తోడు ఎవరూ లేరా?"

క్యూలో వాళ్లంతా తిరిగి చూశారు.

"ఉంటే వారి కార్డు ఆనించమనండి. లేకపోతే కాసేపు ఆగండి," అంది గేటు.

వెనక నిలబడ్డ పెద్దాయనొకరు, "అయ్యో! ఇంట్లో సంబంధాలు చూడట్లేదా తల్లీ?" అని నిజంగానే బాధపడ్డాడు.

గేటు తీరిగ్గా తెరుచుకునేసరికి రైలు వెళ్లిపోయింది. ఆమె లోపలికి వచ్చి, పక్కనే లాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డ యువకుణ్ణి చూసింది. అతని మెడలో టికెట్ల కంపెనీ బ్యాడ్జీ వేలాడుతోంది.

"ఈ మాట రాసిన మహానుభావుడెవరండీ?"

"నేనేనండీ!" అన్నాడతను, బహుమతేదో ఇవ్వబోతున్నారన్నంత సంబరంగా. ఆఫీసులో అతన్ని 'నిఘంటువు' అంటారు. మిగతావాళ్లు కంపానియన్ అని వదిలేయబోతే, పట్టుబట్టి 'తోడు' అని పెట్టించింది అతనే. "మీ కార్డు మీద వెంట వచ్చేవాళ్లకి ఛార్జీ పడదు. వాళ్లు కూడా కార్డు ఆనిస్తే చాలు. అందుకని గేటు అడుగుతుందన్నమాట. తోడు ఎంత చక్కటి మాటండీ!"

"చక్కటి మాటే. పొద్దున్నే పెళ్లికాని పిల్లని నలుగురిలో అడగాల్సిన మాటేనా?"

ఆ వాక్యాన్ని అతను స్క్రీన్ మీద ఎన్నోసార్లు సరిచూసుకున్నాడు గానీ, పైకి మాత్రం ఒక్కసారి కూడా చదువుకోలేదు.

"మార్చేస్తానండీ. కాకపోతే పైవాళ్ల సంతకాలు కావాలి, కొన్ని రోజులు పడుతుంది."

"నాకు అన్ని రోజులు లేవండీ," అందామె.

అన్న మాట నిజమే. రైల్లో ఒక్కతే వెళ్లిరావడానికి ఆమె ఇంట్లో పెద్ద యుద్ధమే చేసి, ఒక్క నెల గడువు తెచ్చుకుంది. అన్నయ్యకి కారుంది, చెల్లెలంటే ప్రాణముంది. ఈ రెండూ కలిస్తే చెల్లెలికి ఊపిరాడదు. గేటు సంగతి విని ఆయన నవ్వాడు.

"చూశావా, గేటు కూడా ఒక్కదానివీ వెళ్లొద్దంటోంది! ఈ నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత నేనే దింపుతా, నేనే తీసుకొస్తా."



మర్నాడు ఆమె కార్డు ఆనించగానే, గేటు నోరు విప్పకముందే పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఇంకో కార్డు ఆనించింది. పచ్చలైటు వెలిగింది. చూస్తే నిఘంటువు.

"ఎంత తేలికో చూశారా! మాట మారేదాకా రోజూ నేనే వస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది గానీ థాంక్స్ చెప్పలేదు. ఆ తర్వాతి రోజూ చెప్పలేదు. ఒకరోజు బయట వాన దంచికొడుతోంది. అతను సగం తడిసి పరుగెత్తుకొచ్చేసరికి, ఆమె కార్డు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏవండీ, మిమ్మల్ని నేనేం అడిగాను? తోడు రమ్మన్నానా, మాట మార్చమన్నానా?"

"మార్చమన్నారు. కానీ ఈలోపు..."

"ఈలోపు మీరు రాకపోతే నేను ఎక్కడిదాన్ని అక్కడే! మా అన్నయ్య కారుకీ మీకూ తేడా ఏముందండీ? మీకు స్టీరింగు లేదు, అంతే."

జుట్టులోంచి వాననీళ్లు కారుతుండగా అతనికి తన తప్పు అర్థమైంది. దాంతోపాటు ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఇన్ని రోజుల్లో సంతకాల కోసం అతను ఒక్కరినీ కదపలేదు. మాట మారిపోతే రేపట్నించి ఇక్కడికి రావడానికి వంక ఉండదు. ఆమెంటే అతనికి ఇష్టం, చాలా ఇష్టం.

ఆ రోజే కాగితం పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. మేనేజరు విసుక్కున్నాడు.

"తోడు తీసేసి ఏం పెట్టమంటావోయ్?"

"ఏమీ వద్దు సార్. అసలు అడగడమే వద్దు. వెంట ఎవరైనా ఉంటే వాళ్లే కార్డు ఆనిస్తారు. గేటు నోరు మూసుకుని తెరుచుకుంటే చాలు."

తను రాసిన మాటని తనే కొట్టేయడం నిఘంటువుకి పన్ను పీకించుకున్నంత పనైంది.

నెలాఖరున ఆమె వెనకాలే అన్నయ్య కూడా స్టేషన్‌కి వచ్చాడు, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ.

"ఏదీ, కానీ చూద్దాం."

ఆమె కార్డు ఆనించింది. గేటు కిక్కురుమనలేదు. పచ్చలైటు వెలిగింది, తలుపులు తెరుచుకున్నాయి. కుర్చీ వెనక చక్రాలు కూడా దాటేదాకా ఆగి మూసుకున్నాయి. వెనకే దూరబోయిన అన్నయ్య పొట్టకి తలుపు తగిలింది. కారున్న మనిషి, ఆయనకి కార్డెక్కడిది?

"ఇదేంటే! నన్నెందుకు రానివ్వదు?"

ఆమె పకపకా నవ్వింది. లోపల స్తంభం పక్కన నిలబడ్డ నిఘంటువు ఆమె నవ్వు చూడటం అదే మొదలు. ఆమె అతన్ని చూసింది.

"మీ పని అయిపోయిందిగా. మళ్లీ ఎందుకొచ్చారు?"

"మిమ్మల్ని చూడ్డానికండీ," అన్నాడు. వేరే వంక దొరక్క నిజం చెప్పేశాడు.

కార్డు బ్యాగులో పెట్టుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

"ఎవరే ఆ అబ్బాయి?" గేటు అవతల నుంచి అన్నయ్య కేకేశాడు.

నిఘంటువు గబగబా అటు వెళ్లాడు. "టికెట్ల కంపెనీలో పనిచేస్తానండీ. కార్డులు ఆ కిటికీ దగ్గర ఇస్తారు అన్నయ్యగారూ!"

"ఏమన్నారు?" అంది వెనక నుంచి ఆమె.

"అన్నయ్యగారూ అన్నానండీ. మర్యాదగా ఉంటుందని..."

"ఆయన మీకు అన్నయ్యయితే, నేను మీకేమవుతానండీ?"

ఇన్ని మాటలు తెలిసినవాడికి నోట మాట రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాకు రైలొచ్చే టైమైంది. దీనికి ఎవరి సంతకాలూ అక్కర్లేదు, తొందరగా మార్చండి," అందామె, నేలకేసి చూస్తూ.

అతను గేటు వైపు తిరిగాడు.

"కార్డులు ఆ కిటికీ దగ్గర ఇస్తారు, బావగారూ."

అన్నయ్య తాళాలు తిప్పడం ఆపాడు. అతన్ని చూశాడు, చెల్లెలి మొహం చూశాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది.

"ఆ కార్డేదో నువ్వే ఇప్పించవయ్యా. మనం కొంచెం మాట్లాడుకోవాలి," అన్నాడు.

"మరి ఆవిడ..."

"దాన్ని వెళ్లనీ. పనికి లేటవుతుంది."

ఆ మాట అన్నయ్య నోట వినడం ఆమెకి అదే మొదటిసారి. ఇద్దరికీ చెయ్యి ఊపి, కుర్చీ తిప్పుకుని లిఫ్టు వైపు ఒక్కతే వెళ్లింది.