సన్నటి సెగ మీద మూడు గంటలు

అతను క్లాసుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. జుట్టులోంచి వాననీళ్ళు కారుతుండగా గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే లోపల అయిదుగురు మైదాపిండి గుట్టల మధ్య గుంటలు చేసి, వాటిలో గుడ్లు కొట్టి, ఫోర్కులతో జాగ్రత్తగా కలుపుతున్నారు.

"సారీ అండీ. బస్సు..."

"బస్సు సంగతి తర్వాత. ముందు చేతులు కడుక్కుని రండి," అంది టీచరమ్మ తల ఎత్తకుండానే.

అందరూ టీచరమ్మ అంటారు గానీ ఆమె వయసు ఇరవై ఏడు. వారమంతా ఒక హోటల్ వంటగదిలో పాస్తా చేస్తుంది. ఆదివారం పొద్దున మాత్రం, బేకరీ పైన ఉన్న ఈ పొడుగాటి గదిలో, ఇంట్లో వండుకునేవాళ్ళకు నేర్పుతుంది.

అతను చేతులు కడగడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపలేదు. గోళ్ళ సందులు, మణికట్లు, చివరికి మోచేతుల దాకా వచ్చాడు.

"ఎవరికైనా ఆపరేషన్ చెయ్యబోతున్నారా?"

"అలవాటండీ. డెంటల్ ల్యాబ్‌లో పని. పళ్ళ సెట్లు చేస్తాను."

"ఓహో, పళ్ళ డాక్టరా."

"డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. వాళ్ళు పీకుతారు, మేం కడతాం."

పక్కన ఉన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు. తను ముందే కలిపి తడిగుడ్డ కింద అరగంట నానబెట్టిన ముద్ద ఒకటి అతని ముందు పెట్టి, అప్పడాల కర్ర చేతికిచ్చింది.

"ఎంత పల్చగా ఉండాలండీ?"

"కింద చెయ్యి పెడితే వేళ్ళు కనిపించేంత."

"అంటే మిల్లీమీటర్లలో?"

"ఎవరి వేళ్ళు అని కూడా అడుగుతారా?"

అతను నిజంగానే చొక్కా జేబులోంచి మందం కొలిచే చిన్న స్టీలు పరికరం ఒకటి బయటికి తీశాడు. గది గదంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి గానీ పరికరం మాత్రం జేబులోకి వెళ్ళలేదు.

పావుగంట తర్వాత టీచరమ్మ అతను ఒత్తిన రేకును రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగులో చూసింది. ఎక్కడా మందం లేదు. ఎక్కడా చిరుగు లేదు. అవతల కిటికీ ఊచలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"మొదటిసారేనా?"

"పిండితో మొదటిసారి. మైనంతో తొమ్మిదేళ్ళు."

ఆమె రేకును జాగ్రత్తగా బల్ల మీద పరిచింది. కాస్త కుళ్ళుకుంది, అంతే.

క్లాసులో అందరికీ తను ముందే చేసి ఉంచిన మాంసం సాస్ పెడుతుంది. మొదటి నుంచి నేర్చుకుంటానని పట్టుబట్టినవాడు ఇతనొక్కడే. సరేనని దగ్గరుండి చేయించింది. ఉల్లి, క్యారట్, సెలరీ కాడలు సన్నగా తరిగి వెన్నలో మగ్గించాడు. కైమా వేసి, నీరంతా ఇగిరి చిటపటలాడే దాకా వేయించాడు. కాసిని పాలు పోశాడు. అవి ఇంకాక టమాటా. మంట బాగా తగ్గించి, ఆమె మిగతావాళ్ళను సాగనంపడానికి కిందికి దిగింది. తిరిగి వచ్చేసరికి మెట్ల మీదికే మాడు వాసన తగిలింది.

"మంట ఎవరు పెంచారు?"

"నేనే. బాగా మరిగితే తొందరగా అయిపోతుందని..."

"మీరు మరగబెట్టలేదు, మాడబెట్టారు. మూడు గంటలన్నాను కదా. మీకేం రైలుందా?"

"నాన్న ఒంటిగంటకి భోంచేస్తారండీ," అన్నాడతను. "ఈ ఒక్కటైనా తింటారేమోనని."

ఆమె గరిటె పక్కన పెట్టింది. అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్న సరుకు ఓడల మీద రేడియో ఆఫీసర్‌గా చేశాడు. ఒకసారి ఇంజిన్ పాడై ఏదో రేవులో పదకొండు రోజులు చిక్కుబడిపోతే, రోజూ అక్కడి చిన్న హోటల్లో ఈ వంటకమే తిన్నాడట. అమ్మ పోయి చాలా కాలమైంది, ఇంట్లో ఉండేది తండ్రీ కొడుకులే. ఆర్నెల్ల క్రితం చిగుళ్ళ జబ్బుతో ఆయన పళ్ళన్నీ తీసేశారు. కొత్త సెట్టు ఇతనే స్వయంగా చేశాడు. ఆయన దాన్ని గ్లాసులో వేసి ఉంచి, పాలలో నానేసిన బ్రెడ్డు తింటున్నాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు.

"ఏమన్నా అంటే ఆకలి లేదంటారు. ఇదైతే మెత్తగా ఉంటుంది, ఇష్టమైనది కూడా."

టీచరమ్మ మాడిన గిన్నెను సింకులో పెట్టి, ఇంకో ఉల్లిపాయ అతని చేతికిచ్చింది.

"మళ్ళీ మొదలుపెట్టండి. ఈ రోజు భోజనం రాత్రికి చేస్తారులెండి."

అలా మొదలయ్యాయి వాళ్ళ ఆదివారాలు. మిగతా అయిదుగురూ డబ్బాలు పట్టుకుని పన్నెండింటికి వెళ్ళిపోయేవారు. వీళ్ళిద్దరూ పొయ్యి దగ్గర చెరో ఎత్తు స్టూల్ మీద కూర్చునేవారు. మూడు గంటల సాసుకి మనిషి కాపలా కావాలి గానీ, చెయ్యడానికి పనేమీ ఉండదు. ఒక బుడగ పైకొచ్చి పగులుతుంది. కాసేపు ఆగి ఇంకొకటి. మధ్యలో మాట్లాడుకోవడం తప్ప గత్యంతరం లేదు.

పళ్ళ అచ్చు చూస్తే నిద్రలో ఎవరు పళ్ళు కొరుకుతారో చెప్పగలనన్నాడతను. ప్లేటు వెనక్కి వచ్చిన తీరు చూసి ఏ టేబుల్ దగ్గర మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారో చెప్పగలనంది ఆమె.

మూడో ఆదివారం ఆమె దేనికో పకపకా నవ్వింది. అతను ఆమె నోటి వంక అలాగే చూశాడు.

"ఏంటి?"

"మీ కుడివైపు పన్ను ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంది."

ఆమె చటుక్కున పెదాలు మూసుకుంది. "సరిచేయించుకోవాలా?"

"వద్దు," అన్నాడు అవసరమైన దానికన్నా గబుక్కున.

"ఏం?"

"వరసగా ఉండేవి రోజూ చేస్తూనే ఉంటానండీ."

కలపాల్సిన అవసరం ఏమీ లేకపోయినా ఆమె లేచి సాస్ కలిపింది. బయట వాన, ఎవరి కోసమో ఆగినట్టు ఆగి, మళ్ళీ అందుకుంది.

ఇంటి దగ్గర మాత్రం సంగతి మారలేదు. "బాగుందిరా," అంటూ నాన్న రెండు చెంచాల సాస్ తినేవాడు. పాస్తా రిబ్బన్లు అలాగే ప్లేటులో మిగిలిపోయేవి. లోపం తన వంటలోనే ఉందనుకుని అతను మళ్ళీ ఆదివారానికి సిద్ధమయ్యేవాడు. నాన్న కోసమే, నిజమే. కానీ ఆదివారం కోసం అతను శుక్రవారం నుంచే చొక్కా వెతుక్కోవడానికి అదొక్కటే కారణం కాదు.

నాలుగో ఆదివారం, సాస్ ఇంకా గంట ఉడకాల్సి ఉండగా ఆమె ఫోను మోగింది.

"బావా, వచ్చేశావా? కిందే ఉండు, దిగుతున్నా. ఇవాళ ఎలాగైనా ఆ ఇల్లు చూసేద్దాం. బాల్కనీ లేకపోతే మాత్రం నేనొప్పుకోను."

ఫోన్ పెట్టేసి, "గంటాగి మంట కట్టేసి, తాళం బేకరీలో ఇచ్చెయ్యండి. మా బావ వచ్చాడు," అని గబగబా చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది.

అతను కిటికీలోంచి చూశాడు. స్కూటర్ మీద నీలం చొక్కా మనిషి. ఆమె వెనకాల ఎక్కి, అతని వీపు మీద ఒక్కటి చరిచి, ఏదో చెప్పి నవ్వింది. పక్కకి తిరిగిన ఆ పన్నుతో సహా.

అతను గంటాగి మంట కట్టేశాడు. తాళం కింద ఇచ్చాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ల్యాబ్‌లో పని ఎక్కువగా ఉందని ఒక మెసేజ్ మాత్రం పెట్టాడు. ఆమె "సరే" అని జవాబిచ్చింది. ఆ రెండక్షరాలు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలిసే అవకాశం లేదు.

అతను రాని మూడో ఆదివారం క్లాసు అయిపోయాక ఆమె ఒంటరిగా బల్లలు తుడుస్తోంది. మెట్ల మీద నెమ్మదైన అడుగులు వినిపించాయి. పొడుగ్గా, సన్నగా ఉన్న పెద్దాయన ఒకరు గొడుగు పట్టుకుని లోపలికొచ్చాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"టీచరమ్మ నువ్వేనా అమ్మా? మా వాడు పళ్ళ సెట్లు చేస్తాడు."

"రండి అంకుల్, కూర్చోండి."

"వాడు వంట మానేశాడు. వంటింటి వైపే చూడటం లేదు. నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమీ అనలేదు. ఆయనే రావడం లేదు."

ఆమె ప్లేటులో వేడి పాస్తా పెట్టి, పైన సాస్ వేసి ఆయన ముందుంచింది. ఆయన ఒక చెంచా సాస్ నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. రిబ్బన్ల జోలికి వెళ్ళలేదు.

"పళ్ళు పెట్టుకోండి అంకుల్. అవి నమిలి తింటేనే రుచి."

ఆయన చెంచా కింద పెట్టాడు. తర్వాత జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎప్పుడూ నా దగ్గరే ఉంటాయి. కింద ఎడమవైపు ఒరుసుకుంటుందమ్మా. నమిలితే ప్రాణం లేచిపోతుంది."

"మరి ఆయనకి చెప్పలేదా?"

"పద్దెనిమిది రోజులు కూర్చుని చేశాడు. నా పాత ఫోటోలు ముందు పెట్టుకుని, పన్ను పన్నుకీ రంగు చూసుకుంటూ. పెట్టుకున్న రోజు వాడి మొహం చూడాల్సింది. ఎలా చెప్పను?"

"చెప్పకపోతే ఎలా సరిచేస్తారు? మీరు తినడం లేదని ఆయన ఇక్కడికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నారు."

పెద్దాయన ప్లేటు వంక చూస్తూ తలాడించాడు. "ఇద్దరం ఒకటే బాపతు. వాడూ నాకేదీ చెప్పడు. గుచ్చి గుచ్చి అడిగితే ఒక్క ముక్క అన్నాడు, 'ఆ అమ్మాయికి బావ ఉన్నాడు నాన్నా' అని."

"ఉన్నాడు," అంది ఆమె అయోమయంగా. "మా అక్క మొగుడు."

ఆయన ఆమెను చూశాడు. ఆమె ఆయన్ని చూసింది. ఆయన భుజాలు ముందు మెల్లగా, తర్వాత గట్టిగా ఊగడం మొదలుపెట్టాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

"తొమ్మిదేళ్ళుగా ప్రతిదీ కొలిచేవాడు, ఒక్క మాట అడిగి చూసుకోలేకపోయాడు."

మర్నాడు సోమవారం, ఆమెకు హోటల్ సెలవు. ఇద్దరూ కలిసి ల్యాబ్‌కి వెళ్ళారు. క్లినిక్ వెనక చిన్న గది అది. అరల నిండా తెల్లటి దవడల అచ్చులు, ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో నంబరు. మైనం వాసన. ముగ్గురు మనుషులు దీపాల కింద తలలు వంచుకుని పనిచేస్తున్నారు. వాళ్ళలో ఒకడు తలెత్తి, చేతిలోని పరికరం కింద పెట్టడం మర్చిపోయాడు.

"ఒరేయ్," అన్నాడు నాన్న. "కింద ఎడమవైపు ఒరుసుకుంటోంది. మొదటి రోజు నుంచీ."

కొడుకు మొహం వాడిపోయింది. "ఆర్నెల్లు నాన్నా. ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు నొచ్చుకుంటావని."

"మీరు తినకపోతే నొచ్చుకోనా?"

పెద్దాయన డబ్బాలోంచి పళ్ళు తీసి పెట్టుకున్నాడు. క్లినిక్ డాక్టరమ్మ నోరు చూసి, ఒరుసుకునే చోట నీలం గుర్తు పెట్టి పంపింది. అతను మోటారు ఆన్ చేసి, గుర్తున్న చోట వెంట్రుకవాసి అరగదీయసాగాడు. పక్కన నిలబడ్డ టీచరమ్మ మోటారు రొదలో ఏదో అంది. అతనికి వినబడలేదు. ఆమె గొంతు పెంచింది. అదే క్షణంలో అతను మోటారు ఆపాడు.

"ఆ స్కూటర్ ఆయన మా అక్క మొగుడు," అన్న మాట నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఖంగుమంది. "ఇల్లు వాళ్ళ కోసం చూశాం."

దీపాల కింద రెండు తలలు పైకి లేచాయి.

"అలాగా," అన్నాడతను. మోటారు మళ్ళీ ఆన్ చేశాడు. అది చాలాసేపు తిరిగింది. అతని చెయ్యి మాత్రం దానికి జానెడు దూరంలో ఆగిపోయి ఉంది.

ఆ ఆదివారం క్లాసు అయ్యాక ఆమె వాళ్ళింటికి వెళ్ళింది. పెద్దాయనే పిలిచాడు. రెండు గంటలకు మొదలుపెట్టారు. ఆమె సాస్ చూసుకుంది, అతను పిండి ఒత్తి రిబ్బన్లు కోశాడు. ఇద్దరికీ చాలని వంటింట్లో గరిటె కావాలన్నా ఒకరు జరగాలి, ఉప్పు కావాలన్నా ఒకరు జరగాలి. జరగడంలో ఎవరూ పెద్దగా తొందరపడలేదు.

ఆరు గంటలకు ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నాన్న పళ్ళు పెట్టుకుని, ఫోర్కుకి రిబ్బన్లు చుట్టి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మొదట జాగ్రత్తగా, కుడివైపు. తర్వాత ఎడమవైపు. వాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి ఆయన దవడనే చూస్తున్నారు.

"అలా చూడకండి, గొంతు దిగడం లేదు," అన్నాడాయన. ప్లేటు ఖాళీ చేసి, ముందుకు తోశాడు. "ఇంకొంచెం వెయ్యమ్మా."

కొడుకు నీళ్ళ గ్లాసు కోసమన్నట్టు లేచి అటు తిరిగాడు. తిరిగి కూర్చునేసరికి కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి.

తిన్నాక పెద్దాయన పేపరు పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాడు. అతను గిన్నెలు తోముతుంటే ఆమె తుడిచి పెడుతోంది.

"మా అక్కకి ఒక మాట చెప్పాను," అంది ఆమె ప్లేటు తుడుస్తూ.

"ఏమని?"

"ఒకాయన ఉన్నాడు, అడిగితే ఒప్పుకుంటానని."

అతని చేతిలో గిన్నె ఆగిపోయింది. "ఎప్పుడు చెప్పారు?"

"మీరు రావడం మానేసిన రెండో ఆదివారం. ఆయన అడిగే రకం కాదేమో అంది అక్క."

అతను కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు. ఆమె వైపు తిరిగాడు.

"నాకు మీరంటే చాలా ఇష్టం. మొదటి రోజు నన్ను తిట్టి, ఇంకో ఉల్లిపాయ చేతికిచ్చారు చూడండి, అప్పటి నుంచి. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

మాట బయటికొచ్చాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఆమె చేతిలోని ప్లేటు ఎప్పుడో పొడిగా అయిపోయింది. అయినా ఇంకోసారి తుడిచి పక్కన పెట్టింది.

"చేసుకుంటాను," అంది చాలా మెల్లగా.

ముందు గదిలో పేపరు మడతపెట్టిన చప్పుడైంది.

"కాస్త గట్టిగా చెప్పమ్మా," అన్నాడు నాన్న. "వాడు అడిగింది వినబడింది గానీ, నువ్వన్నది వినబడలేదు."