ట్యాంకు మీద మూడు దెబ్బలు

తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్ గుండా విద్యానగర్ పోయే దారిలో, ఖాళీ క్వార్టర్ల దగ్గర ఒక మలుపుంది. అక్కడ ఆగిన బండి ఏదైనా రెండుసార్లు హారన్ కొట్టకుండా కదలదు.

ఎప్పుడో బుచ్చిరాములు అనే డ్రైవర్ అక్కడ ఆగిపోయిన లారీ కింద దూరి రిపేరు చేస్తుంటే, చూసుకోకుండా ఎవరో బండిని కదిలించారట. అప్పటినుంచీ అక్కడ ఆగిన ప్రతి బండి కిందా అతనుంటాడని చెప్పుకుంటారు. వంగి చూడకూడదు. కదిలేముందు హారన్ కొట్టాలి... కిందున్నవాడు పక్కకు జరగాలి గదా!

ఈ మాటకు భాగ్య నవ్వేది. ఆమె మొగుడు కరుణాకర్ పికప్ బండి నడుపుతాడు. ఆయన ఆ మలుపులో ఊరికే పోతూ కూడా హారన్ కొట్టేవాడు. "మీ అన్నకు సలాం కొట్టినవా?" అని ఆమె ఎగతాళి చేసేది.

ఆ రాత్రి మాత్రం నవ్వలేదు.

కూతురు స్నేహలతకు ఆయాసం. పదమూడేళ్ళ పిల్ల. పీల్చే మందు అయిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నారు. అరగంట ఆగే ఊపిరి కాదది. పిల్లను పికప్‌లో వేసుకుని విద్యానగర్ ఆస్పత్రికి బయలుదేరారు.

సరిగ్గా ఆ మలుపులోనే... బండి రెండుసార్లు దగ్గి, ఆగింది.

కరుణాకర్ తాళం తిప్పాడు. ఇంజన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు.

"పెట్రోల్ లేదా?"

"సగం ట్యాంకున్నది. పంపు సప్పుడే లేదు... ఇను."

తాళం తిప్పగానే ట్యాంకులో పంపు గుయ్యిమనాలి. వింది. ఏమీ లేదు. పిల్ల రొప్పు ఒక్కటే.

బానెట్ ఎత్తాడు. ఆమె ఫోన్ లైటు పట్టింది. ఫ్యూజు తీసి చూశాడు — బాగానే ఉంది. పంపుకు కరెంటు వదిలే రిలే పీకేసి, హారన్ రిలే తీసి దాని జాగాలో పెట్టాడు. రెండూ ఒక్క తీరువే. మళ్ళీ తాళం తిప్పాడు.

చప్పుడు లేదు.

"పంపే పట్టేసింది. ట్యాంకు మీద గట్టిగ కొడితే తిరుగుతది. నేను సెల్ఫ్ కొడ్త, నువ్వు పానాతోని కింద కొట్టు."

"కిందనా..."

"భాగ్యా. పిల్లను జూడు."

చూసింది. పెదాలు నల్లబడుతున్నాయి.

పానా తీసుకుని వెనక చక్రం దాకా పోయింది. వంగాలి. అంతే. వంగాలి...

మోకాళ్ళు వంగలేదు.

బండి కింద చీకటి. ఆ చీకట్లో ఎవరో కదలకుండా కాచుకుని ఉన్నట్టు —

"కొట్టవే!"

చెయ్యి లేవలేదు. కళ్ళు మూసుకుంది.

ఠంగ్.

ఠంగ్...

ఠంగ్!

గుయ్యిమంది. ఇంజన్ అంటుకుంది.

"శభాష్! ఎక్కు, జల్ది ఎక్కు!"

ఎక్కబోయి ఆగింది. హారన్... హారన్ రిలే ఇప్పుడు పంపుకుంది. హారన్ మోగదు.

"ఏందే, ఎక్కవు?"

బండి పక్కను పట్టుకుని, ఊపిరితోనే అంది —

"అన్నా... నా పిల్ల పాణం... జర జరుగన్నా..."

కింద కంకర కరకరలాడింది. ఏదో బరువు మెల్లగా... రోడ్డు అంచుకు ఈడ్చుకుపోయినట్టు.

ఆమె ఎక్కింది. వెనక్కి చూడలేదు.

పిల్ల బతికింది. తెల్లారేసరికి ఆకలన్నది.

రెండో రోజు నల్లకుంటలో మెకానిక్ సామేలు ట్యాంకు దించాడు. "పంపు మోటర్ల బ్రష్షులు అరిగినయన్నా. కరెంటు అందుతలేదు. దెబ్బలకు తిరిగింది, నీ నసీబు."

"కొట్టింది మా ఇంటామె," అన్నాడు కరుణాకర్, పక్కనున్న భాగ్యను చూపిస్తూ, ఛాతీ విరుచుకుని.

సామేలు ట్యాంకు అడుగున వేలితో తడిమాడు. మూడు సొట్టలు, పక్కపక్కనే.

"గీడికి పక్కనుంచి చెయ్యి పోదక్కా. నేనైనా కింద ఎల్లెలకల పండుకుంటేనే అందుతది. చీర కట్టుకొని ఎట్ల దూరినవే తల్లీ!"

"ఏమో తమ్మీ... ఆ భయంల యాదికి లేదు."

సామేలు నవ్వుతూ పనిలో పడ్డాడు. కరుణాకర్ నవ్వలేదు. భార్య వైపే చూస్తున్నాడు.

పిల్లను చేర్చిన ఆ రాత్రి ఆస్పత్రి మెట్ల మీద, లైటు వెలుగులో, బండి కింద దూరిందనుకుని ఆమె వీపుకంటిన మట్టి దులపబోయింది ఆయనే.

దులపడానికి... మట్టి లేదు.