రుచిగా ఉందన్న అబద్ధం

ఆ ఉదయం కూడా అనాండే అత్తగారి ముందు పళ్లెం నిండుగా పెట్టింది. వెన్న దట్టంగా రాసిన తెల్ల రొట్టె, నూనెలో వేయించిన సాసేజీలు, పక్కన నాలుగు చెంచాల చక్కెర వేసిన టీ. మోషి పట్టణంలో చాలా ఇళ్లలో అది పండగ తిండి. అత్తని తక్కువగా చూస్తుందన్న మాట పడకూడదని ఆ ఇల్లాలి పంతం.

"తినండి అత్తయ్యా, చల్లారిపోతుంది."

"రుచిగా ఉందమ్మా," అంది మాంకా, ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

మాంకాకు డెబ్బై ఏళ్లు. భర్త పోయాక, ఏడు నెలల క్రితం, కొడుకు ఎలియూఫో ఆమెను కిలిమంజారో వాలు మీది ఊరి నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అరటి గెల నెత్తిన పెట్టుకుని బస్సు దిగిన మనిషి ఇప్పుడు కప్పు ఎత్తడానికి రెండు చేతులూ వాడుతోంది. వేళ్ల కణుపులూ మోకాళ్లూ వాచాయి, పొట్ట ఎప్పుడూ బిగిసే ఉంటోంది. వయసు మీద పడిందిలే అనుకుంది అనాండే. అలా అనుకోవడం అందరికీ సులువే.

ఆ మధ్యాహ్నం అనాండే సంత నుంచి పెందలాడే తిరిగొచ్చింది. ఇంట్లో అత్త లేదు. పక్కింటి పెరట్లో మాటలు వినిపించి తొంగి చూసింది. మాంకా నేల మీద కూర్చుని, అరటికాయా చిక్కుడుగింజలూ కలిపి ఉడికించిన ముద్దను కుండలోంచే తింటోంది.

"ఏం అనాండే, మీ పొయ్యి ఆరిపోయిందా?" పక్కింటి టెంబా గారి భార్య నవ్వింది. "మీ అత్త వారానికి మూడు రోజులు మా కుండ దగ్గరే!"

అనాండే ముఖం మాడిపోయింది. అత్త చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి తలుపు మూసింది.

"నేనేం తక్కువ చేశాను అత్తయ్యా? వీధిలో నా పరువు గంగలో కలిపారు కదా! మా అమ్మ చచ్చిపోయేదాకా నాకు ఆ అరటికాయ ముద్ద తప్ప ఇంకేమీ పెట్టలేకపోయింది. బళ్లో అందరూ నా డబ్బా చూసి నవ్వేవాళ్లు. నా ఇంట్లో ఎవరికీ ఆ తిండి పెట్టనని ఒట్టేసుకున్నాను. అది తప్పా?"

బడిలో పాఠాలు చెప్పి అప్పుడే ఇంటికొచ్చిన ఎలియూఫో గుమ్మంలో నిలబడిపోయాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"తప్పు నీది కాదు అనాండే. నెల క్రితమే డాక్టర్ చెప్పాడు. ఒంట్లో వాపు పెరిగిందట, పేగులకి ఈ తిండి పడట్లేదట. కొండ మీద తిన్నట్టే ఆకుకూరలు, చిక్కుళ్లు, అరటికాయ, రాగులు, పులియబెట్టినవి పెట్టి చూడమన్నాడు. నీకు చెప్పొద్దని అమ్మే ఒట్టేయించుకుంది."

"అంటే నేను విషం పెట్టానా?"

"ఆ మాట అంటావనే చెప్పొద్దన్నానమ్మా," అంది మాంకా మెల్లగా. "నేను కొండ మీది ఊరికే వెళ్లిపోతాను. మా చెల్లెలు ఉందిగా, చూసుకుంటుంది."

మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయింది. పౌరుషం కొద్దీ అనాండే ఆపలేదు. తల్లి పోయిన పన్నెండేళ్లకి ఇంట్లో 'అమ్మా' అని పిలిచే గొంతు ఒకటి దొరికితే దాన్ని చేతులారా పంపేసుకుంది. మూడు వారాలు అత్త కూర్చునే కుర్చీ వైపు చూడకుండా వడ్డించింది. నాలుగో ఆదివారం ఇక చూడకుండా ఉండలేక కొండ మీది ఊరికి బస్సెక్కింది.

కొండ మీద పొలం కంచెలన్నీ ఇసాలే మొక్కలే. అనాండే ఒక పొడుగాటి ఆకు తెంచి ముడి వేసింది. క్షమించమని ఆ ఆకు పట్టుకుని వచ్చిన మనిషిని ఆ కొండ మీది చాగా తెగవాళ్లెవరూ కాదనరు. హత్య చేసినవాణ్ణి కూడా కూర్చోబెట్టి మాట వింటారు.

మాంకా వంటపాక ముందు గెల పక్కన పెట్టుకుని అరటికాయలు చెక్కుతోంది. వేళ్లు వంగుతున్నాయి. అది చూసి అనాండే దగ్గరికి వెళ్లింది. ముడి వేసిన ఆకు చాచింది.

మాంకా కత్తి పక్కన పెట్టి ఆకు అందుకుంది.

"ఇది నేను తేవాల్సింది. ఏడు నెలలు రోజూ నీకు అబద్ధం చెప్పాను. నువ్వు నొచ్చుకుంటావని భయపడ్డానే గానీ, నిన్ను కూతురనుకుని ఉంటే నిజం చెప్పేదాన్ని."

అనాండే ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ముసలమ్మ వీపు నిమిరింది గానీ ఏడవొద్దనలేదు. కాసేపయ్యాక కుండలోంచి ఇంత ముద్ద తీసి కోడలి చేతిలో పెట్టింది.

పన్నెండేళ్లలో అనాండే ఆ తిండి ముట్టలేదు. తింటుంటే తల్లి గుర్తొచ్చింది. ఈసారి సిగ్గనిపించలేదు.

"ఎలా ఉంది? నిజం చెప్పు."

అనాండే కళ్లు తుడుచుకుంది.

"ఉప్పు చాల్లేదు అత్తయ్యా."

మాంకా నవ్వుతూనే కళ్లొత్తుకుంది. "ఈ గెల మోషికి నువ్వే మొయ్యాలి కూతురా, నా మోకాళ్లు ఇంకా నయం కాలేదు," అని లేచి బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది.