వెనక షెడ్డులో అతుకు

లారీల యార్డులో వెనక షెడ్డు పేరెత్తితే చాలు, టార్పాలిన్లు అతికేవాళ్ళు మాట మార్చేస్తారు. అక్కడ చీకటి పడ్డాక వేసిన అతుకు తెల్లారేసరికి ఊడిపోయి ఉంటుందట. వేడి సరిగ్గా తగల్లేదని కొందరంటారు. కాదు... లోపల్నుంచి ఎవరో గోళ్ళతో పీకినట్టు ఉంటుందని ఇంకొందరంటారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గిస్తారు.

ఆ రాత్రి అక్కడికి పనికొచ్చిన ఆమెకీ ఆ సంగతి తెలుసు. కానీ మొగుడు పోయాక, అతుకులు వేసే అతని హీట్ గన్ను తను పట్టుకుని ఏడాది కాలేదు. వచ్చిన పనిని కాదనే ధైర్యం లేదు.

"తెల్లారేసరికి ఈ లారీ గేటు దాటాలి. లేదంటే మళ్ళీ ఇటు రావద్దు" అన్నాడు యార్డు ఓనరు. ముసలాడు. షెడ్డు గడప తొక్కకుండా బయటే నిలబడి చెప్పి, ఆఫీసు గదిలోకి పోయాడు.

ఖాళీ లారీ. కమ్మీల మీద బిగించిన టార్పాలిన్ పక్కన మూరెడు పొడవున చిరిగింది. బయట ఒకరు మాసిక అతుకుతుంటే, లోపల ఒకరు చెక్క ఆనించి పట్టుకోవాలి. లేకపోతే రోలర్ కింద గుడ్డ లోపలికి పోతుంది.

ఆ పనికి మరిది వచ్చాడు. వాళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. అన్న నడిపిన అతుకుల కొట్టు తనకి రావాలని అతని కడుపుమంట.

"చెక్క తెస్తా. నువ్వు మొదలుపెట్టు" అని ముఖం చూడకుండానే వెళ్ళాడు.

గన్ వేడెక్కింది. లారీలో అడుగుల చప్పుడు... గుడ్డకి అవతల గట్టిగా ఏదో ఆనింది. వచ్చాడన్నమాట.

వేడిగాలికి కోటింగు మెత్తబడి మెరవగానే ఆమె రోలర్ నొక్కింది.

"కాస్త పైకి."

పైకి జరిగింది.

"ఇంకొంచెం."

జరిగింది. ఎన్నడూ లేనిది, ఒక్క మాట ఎదురు చెప్పలేదు! ఆమెకి ఒళ్ళు మండింది.

"మీ అన్నయ్య మంచాన పడ్డప్పుడు ఈ బుద్ధి ఏమైంది? గుమ్మం దాటి లోపలికి రావడానికి నామోషీ అయిందా?"

గుడ్డ అవతల్నుంచి సన్నగా—

"లోపలే ఉన్నా..."

"ఏంటీ?"

"పిలుస్తూనే ఉన్నా... ఎవరూ తియ్యలేదు."

"వెటకారమా?" అంటూ ఆమె రోలర్ లాగింది. ఇంకో బెత్తెడు మిగిలింది.

"ఈ దిక్కుమాలిన చెక్క వెతికేసరికి ప్రాణం పోయింది వదినా!"

మరిది గొంతు. వెనక నుంచి.

ఆమె తల తిప్పింది. అతను షెడ్డు గుమ్మంలో నిలబడున్నాడు. చంకలో చెక్క.

రోలర్ కింద గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది.

"లోపల... ఎవరు?" అన్నాడు.

గుడ్డ మీద రెండు అరచేతులు ఉబ్బాయి. వేళ్ళతో సహా. ఆ మిగిలిన బెత్తెడు సందులోంచి గుసగుస—

"మూయొద్దు... ఊపిరాడట్లేదు..."

"మూసెయ్ వదినా! మూసేసి పోదాం పద!"

ఆమె గన్ సందు దగ్గరికి తెచ్చింది... ఆగింది. మొగుడు చివరి రాత్రి ఊపిరికి ఎంత కొట్టుకున్నాడో ఆమె కళ్ళారా చూసింది. గన్ కింద పెట్టి, బ్లేడు తీసి, తన చేత్తో వేసిన అతుకుని తనే నిలువునా కోసేసింది.

ఆవిరిలా వేడిగాలి ముఖానికి కొట్టింది. లోపల ఎవరూ లేరు. పాదం నేలకి ఆనిన చప్పుడు మాత్రం వినిపించింది. ఒకటి... రెండు... ఇద్దరి మధ్యనుంచే నడిచి, షెడ్డు దాటి, ఆఫీసు గది వైపు పోయింది.

మరిది ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

గదిలోంచి ఓనరు గొంతు వినిపించింది. ఎరిగిన మనిషితో మాట్లాడుతున్నట్టు, మెల్లగా—

"నువ్వా...? మర్చిపోయాన్రా. నీమీద ఒట్టు. నిన్ను లోపల చెక్క పట్టుకోమని, చుట్టూ అతికేశాక... అన్నం తినొచ్చి తీద్దామనే అనుకున్నా..."

ఆ తర్వాత తలుపు మూసుకుంది. గడియ లోపల్నుంచి పడింది.