ముందు వరసలో కూర్చున్నాయన

జూలై పన్నెండు. సూర్యాపేట కాలేజీ సెమినార్‌లో ఆ మధ్యాహ్నం బగారా అన్నం, ఆలుగడ్డ కుర్మా పెట్టారు. కుర్మాలో ఉప్పు తక్కువైన సంగతి కూడా ఉపేందర్‌కు ఇప్పటికీ గుర్తే.

పొలంలో ఊక బూడిద చల్లితే వరి దిగుబడి పెరుగుతుందా అన్నది అతని పీహెచ్‌డీ. దాని మీద ఇదివరకు ఎవరెవరు ఏం తేల్చారో చెప్పే లిటరేచర్ రివ్యూను ఆ ఉదయమే అందరి ముందూ వినిపించాడు. తుంగతుర్తి నుంచి వచ్చిన నాన్న ముత్తయ్య ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. అందరూ ఆపేశాక కూడా చప్పట్లు కొట్టాడు.

ఉపేందర్ ప్లేటు పట్టుకుని నిలబడి ఉంటే, కోదాడ నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్ మాధవి పక్కకు వచ్చింది.

"బాగా చెప్పారండీ. మీ రివ్యూకి ఆధారమైన ఆ పాత రిపోర్టు చదివారా?"

"ఎనక లిస్టుల దాని పేరు ఇచ్చిన గదా మేడం!"

"నేనడిగింది చదివారా అని."

ఉపేందర్ కలిపిన ముద్దను మళ్లీ ప్లేటులో పెట్టేశాడు. ఆ రిపోర్టును ప్రస్తావించిన పేపర్లన్నీ చదివాడు. అసలుది మాత్రం కంటితో చూడలేదు.

"అన్ని నేలల్ల దిగుబడి పెరుగుతదనే అందరు రాసిండ్రు."

"ఒకరిని చూసి ఒకరు రాశారండీ. అసలు రిపోర్టులో ఎర్ర నేలల్లోనే పెరిగిందని ఉంది. నల్లరేగడిలో తేడా లేదట. మిర్యాలగూడ లైబ్రరీలో నా కళ్లతో చూశాను."

అతని చెవులు వేడెక్కాయి. "మరి లోపల్నే అడగొచ్చు గదా? అన్నం తినేటప్పుడు చెప్తరా?"

ఆమె ఏదో అనబోయి, ఆగి, చిన్నగా నవ్వి పెరుగన్నం వైపు వెళ్లిపోయింది.

ఎంత పొగరు, అనుకున్నాడు.

మర్నాడు వానలో తడుస్తూ మిర్యాలగూడ వెళ్లాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ రివ్యూ సోమవారం జర్నల్‌కు పోవాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే చదువు ఆరు నెలలు వెనక్కి. రాత్రంతా దొర్లి, పొద్దున్నే గైడ్ కృష్ణకుమారి మేడంకు చెప్పేశాడు.

"మళ్లీ రాయి. ఆ అమ్మాయి దగ్గర చదవడం నేర్చుకో," అందామె.

అలా మొదలయ్యాయి కోదాడ లైబ్రరీ శనివారాలు. మాధవి వరస కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేది. కృతజ్ఞతల పేజీ కూడా వదిలేది కాదు.

"గది గూడ సదవాల్నా?"

"నాట్లు వేసిన కూలీల పేర్లు ఇక్కడొక్కచోటే ఉంటాయండీ. మనమూ చదవకపోతే ఎలా?"

ఆ మాటకు ఉపేందర్ కలం పక్కన పెట్టి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"పేజీ ఇటుంది," అంది తల ఎత్తకుండానే.

రివ్యూ పూర్తయిన సాయంత్రం, ఇక శనివారాలు ఉండవన్న దిగులుతో అడిగాడు. "ఆ దినం సెమినార్ హాల్ లోపల్నే ఎందుకు అడగలే?"

"ముందు వరసలో ఒకాయన కూర్చున్నారు. మీరు మాట్లాడుతుంటే పక్కవాళ్లని తట్టి 'మా పిలగాడు, మా పిలగాడు' అంటున్నారు. ఆయన వింటుండగా ఎలా అడగనండీ?"

ఉపేందర్ ముందున్న కాగితాలు పక్కకు జరిపి ఆమె వైపు తిరిగాడు. మనసులో మాట ఇక దాచుకోలేదు.

"మాధవి గారూ, నాకు మీతోనే బతకాలనుంది."

"ఈ మాట ఇదివరకు ఎవరికైనా చెప్పారా?"

"లేదు. ఎంత ఎతికినా రివ్యూకు ఏం దొరకది."

ఆమె పకపకా నవ్వింది. "మధ్యవర్తుల్ని పంపకండి. మా నాన్నను మీరే వచ్చి అడగండి."

"మా నాయినను తోలుకొని వస్త. మరి మీరేమంటరు?"

"నేను లోపల చెప్పను కదా. బయటికి రండి."

వరండాలో చూరు నుంచి వాన ధారగా పడుతోంది. మాధవి గొడుగు తెరిచి, సగం అతని వైపు వంచి, ఆ చప్పుడులో అతనికి మాత్రమే వినిపించేలా చెప్పింది.

"ఎప్పుడో ఇష్టపడ్డాను. తప్పు ఒప్పుకున్నారని తెలిసిన రోజే."

చీపురు పట్టుకుని ఇంతసేపూ ఊడ్చిన చోటే ఊడుస్తున్న లైబ్రరీ అటెండర్ సైదమ్మ, గొళ్లెం మోగకుండా చేత్తో పట్టుకుని, వాళ్ల వెనక మెల్లగా తలుపు మూసింది.